అనుమానం ఎవరికి లాభం? చమురు, బొగ్గు కంపెనీలు – శాస్త్రజ్ఞులు – పత్రికలు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆర్మూర్ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా కల్లాల్లో పసుపు కనిపిస్తుంది. తవ్విన పసుపును కొమ్ము, మండ వేరుచేసి, ఉడకబెట్టి, రెండు వారాలకు పైగా ఎండబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ యార్డుకు తోలుతారు. ఆ ఎండబెట్టే రోజుల్లో ఒక్క గట్టి వాన పడితే రంగు దిగుతుంది, ధర పడుతుంది. అదే ఇంటి నుంచి ఒకరో ఇద్దరో దుబాయికో మస్కట్‌కో పోయి ఉంటారు. వాళ్లు పంపే డబ్బు చమురు మీద నిలబడిన దేశాల నుంచి వస్తుంది. పొలంలో బోరు మోటారును నడిపే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచి వస్తుంది. అంటే శిలాజ ఇంధనాలు ఆ ఇంటికి తిండి పెడుతున్నాయి. ఆ ఇంధనాల పొగ వల్ల వేడెక్కుతున్న వాతావరణంలోనే ఆ ఇంటి పసుపు ఎండాలి. ఈ పాఠంలోని కంపెనీల పేర్లు, నగరాల పేర్లు దూరంగా అనిపించినప్పుడు ఈ ఇంటిని గుర్తుచేసుకోండి.

యార్డు సంగతి ఒకటి మీకు తెలిసే ఉంటుంది. కొనేవాడు కుప్పలో చెయ్యి పెట్టి, రెండు కొమ్ములు విరిచి చూసి, "ఇంకా పచ్చి ఉంది" అంటాడు. కొన్నిసార్లు నిజంగానే పచ్చి ఉంటుంది. కొన్నిసార్లు ఉండదు, కానీ ఆ మాట అన్న తర్వాత ధర దిగుతుంది. రైతు అడగవలసిన ప్రశ్నలు రెండు. తేమ కొలిచే యంత్రం ఏం చూపిస్తోంది? ఆ యంత్రం ఎవరి చేతిలో ఉంది? గత వందేళ్లలో ఇంధన పరిశ్రమ శాస్త్రాన్ని, పత్రికలను ఎలా ప్రభావితం చేసిందో పరిశీలించే చరిత్రకారుడు కూడా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతాడు. నిజమైన సందేహం ఒకటి ఉంటుంది, అది శాస్త్రానికి ప్రాణం. లాభం కోసం పుట్టించిన సందేహం ఇంకొకటి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని వేరుచేయడానికి ఆధారాలను ఎలా చదవాలన్నదే ఈ పాఠం.

సీసం కలిపిన పెట్రోలు

మొదటి ఉదాహరణ పెట్రోలు బంకుది. 1921 డిసెంబరులో అమెరికాలో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీరు, టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని పెట్రోలులో కొద్దిగా కలిపితే ఇంజను టకటకలాడడం ఆగిపోతుందని కనుగొన్నాడు. ఆల్కహాలు కలిపినా ఆ పని జరుగుతుందని ఆయనకు తెలుసు. కానీ ఆల్కహాలు మీద పేటెంటు సంపాదించే దారి లేదు, సీసపు మందు మీద ఉంది. 1923 ఫిబ్రవరిలో డేటన్ నగరంలో అమ్మకం మొదలైంది. 1924లో జనరల్ మోటార్స్, స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ న్యూజెర్సీ కలిసి ఒక కంపెనీ పెట్టాయి. దాని పేరు ఇథైల్. ఆ పేరులో సీసం అన్న మాట లేకపోవడాన్ని గమనించండి.

సీసం విషమని అప్పటికి ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే శుద్ధి కర్మాగారంలో ఈ మందు తయారుచేసే కార్మికులకు మతి చలించింది. ఐదుగురు చనిపోయారు, మరెందరో ఆసుపత్రి పాలయ్యారు. న్యూయార్క్ పత్రికలు ఆ మందుకు 'పిచ్చి గ్యాస్' అని పేరు పెట్టాయి. అదే నెల చివర మిడ్జ్‌లీ విలేకరుల ముందుకు వచ్చి ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చి చూపించాడు. ప్రమాదం లేదని చెప్పడం ఆయన ఉద్దేశం. అంతకు ముందు సంవత్సరమే ఆయన సీసపు విషప్రభావం నుంచి కోలుకోవడానికి పని మానుకుని వెళ్లిపోయాడు. ఆ సంగతి ఆయన విలేకరులకు చెప్పలేదు. చరిత్ర విద్యార్థికి ఇలాంటి చోటు చాలా విలువైనది. ఒక మనిషికి లోపల తెలిసింది, బయట చెప్పింది పక్కపక్కన పెట్టి చూసే అవకాశం తరచుగా దొరకదు.

శాస్త్రజ్ఞులు ఏం చేశారు? అమెరికా ప్రభుత్వ గనుల విభాగం ఈ మందు మీద పరిశోధన చేసింది, కానీ డబ్బు పరిశ్రమది. ఫలితాలు అచ్చువేయడానికి ముందు కంపెనీకి చూపించాలని, నివేదికలో సీసం అనకుండా ఇథైల్ అనే వ్యాపారపు పేరే వాడాలని ఒప్పందం జరిగింది. పెద్దగా ప్రమాదం లేదని ఆ నివేదిక తేల్చింది. 1925 మే 20న అమెరికా సర్జన్ జనరల్ ఒక సమావేశం పిలిచాడు. కార్మికుల వృత్తి రోగాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్, యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన యాండెల్ హెండర్సన్ ఈ మందును వ్యతిరేకించారు. ఇథైల్ కంపెనీ ప్రతినిధి ఫ్రాంక్ హోవర్డ్ దీన్ని దేవుడిచ్చిన వరంతో పోల్చాడు. తర్వాత ఒక నిపుణుల సంఘం కొన్ని నెలల్లో 252 మందిని పరీక్షించి, నిషేధించడానికి ప్రస్తుతం తగిన కారణం లేదని 1926 జనవరిలో చెప్పింది. అయితే ఇంత తక్కువ కాలంలో తెలియని హాని ముందు ముందు బయటపడవచ్చునని, పరిశోధన కొనసాగాలని కూడా అదే నివేదికలో రాసింది. కంపెనీ మొదటి వాక్యాన్ని పట్టుకుంది. రెండో వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పరిశోధన కొనసాగింది, కానీ కంపెనీ డబ్బుతో. సిన్సినాటి విశ్వవిద్యాలయంలో కెటరింగ్ ప్రయోగశాలను నడిపిన డాక్టర్ రాబర్ట్ కెహో, ఇథైల్ కంపెనీకి వైద్య సలహాదారు కూడా. దాదాపు నలభై ఏళ్లపాటు అమెరికాలో సీసం గురించి చివరి మాట ఆయనదే అయింది. ఆయన చెప్పిందేమిటంటే, మనుషులందరి ఒంట్లో కొంత సీసం సహజంగానే ఉంటుంది, ఒక హద్దు దాటనంతవరకు హాని లేదు, హాని ఉందని రుజువు చూపవలసింది ఆక్షేపించేవారే. ఈ మూడో మాట దగ్గర ఆగండి. వస్తువు అమ్మేవాడు నిరపాయమని నిరూపించనక్కరలేదు, పీల్చేవాడు మాత్రం హాని నిరూపించాలి. పరిశోధనకు డబ్బు ఇచ్చేది అమ్మేవాడే. కాబట్టి రుజువు ఎప్పటికి దొరుకుతుంది?

కెహో అబద్ధాలకోరు అని తేల్చి ముందుకు పోవడం సులభం. ఆయన కొలతలు చాలావరకు నిజాయితీగా చేసినవే. లోపం ఆయన వేసుకోని ప్రశ్నలో ఉంది. ఆ ప్రశ్న వేసినవాడు క్లెయిర్ పాటర్సన్. భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరాలని రాళ్లలోని సీసాన్ని కొలిచి తేల్చిన శాస్త్రజ్ఞుడు ఈయనే. ఆ పనిలో ఎక్కడ చూసినా బయటి సీసం వచ్చి కలిసి లెక్క చెడగొట్టేది. అది ఎక్కడి నుంచి వస్తోందని వెతికితే దారి పెట్రోలు దగ్గరికి చేరింది. 1965లో ఆయన రాసిన వ్యాసం సారాంశం ఇది: మనుషులందరిలో సీసం ఉన్నంత మాత్రాన అది సహజం కాదు, అందరూ కలుషితమయ్యారు, నేటి మనిషి ఒంట్లో ఉన్న సీసం సహజంగా ఉండవలసిన దానికి దాదాపు వంద రెట్లు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ నుంచి ఆయనకు వచ్చే పరిశోధన నిధులు ఆగిపోయాయి. 1971లో జాతీయ పరిశోధనా మండలి సీసం మీద నిపుణుల సంఘం వేసినప్పుడు, ఆ విషయం అందరికన్నా బాగా తెలిసిన ఆయనకు అందులో చోటు దక్కలేదు.

అమెరికాలో రోడ్డు వాహనాలకు సీసం పెట్రోలు పూర్తిగా ఆగింది 1996లో. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాలతో మొదలుపెట్టి, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మారు. ప్రపంచంలో చివరగా 2021లో అల్జీరియా ఆపింది. మీలో 1990లలోనో అంతకు ముందో పుట్టినవారు జాతీయ రహదారి పక్కన పెరిగి ఉంటే, మీరు చిన్నప్పుడు పీల్చిన గాలిలో ఈ చరిత్ర కొంత ఉంది.

లోపలి కాగితం, బయటి ప్రకటన

ఇప్పుడు రెండో ఉదాహరణకు వద్దాం. ఇక్కడ పరిశ్రమ శాస్త్రజ్ఞులు నోరు మూసుకున్నవారు కారు. చక్కగా పనిచేశారు. 1977లో ఎక్సాన్ కంపెనీ శాస్త్రజ్ఞుడు జేమ్స్ బ్లాక్, బొగ్గు, చమురు మండించడం వల్ల పెరిగే కార్బన్ డయాక్సైడ్ భూమిని వేడెక్కిస్తుందని తన కంపెనీ పెద్దలకే వివరించాడు. 1979లో కంపెనీ తన సొంత చమురు ఓడ ఒకదాని మీద పరికరాలు అమర్చి సముద్రం మీద కార్బన్ డయాక్సైడ్ కొలిచింది. 1982 నాటికి రాబోయే దశాబ్దాల వేడికి అంచనాలు గీసుకుంది. ఆ పాత అంచనాలను తర్వాత జరిగిన వేడితో పోల్చి జెఫ్రీ సుప్రాన్, స్టెఫాన్ రామ్‌స్టార్ఫ్, నవోమి ఒరెస్కీస్ 2023లో 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. దశాబ్దానికి సుమారు 0.2 డిగ్రీలు పెరుగుతుందన్న కంపెనీ లెక్కలు చాలావరకు సరిగ్గా నిలిచాయి. యార్డు భాషలో చెప్పాలంటే తేమ యంత్రం వాళ్ల చేతిలోనే ఉంది, బాగానే పనిచేస్తోంది.

బయట మాట వేరుగా ఉంది. మొబిల్ కంపెనీ 1970ల నుంచి న్యూయార్క్ టైమ్స్‌లో సంపాదకీయాల పక్కన, వ్యాసంలా కనిపించే ప్రకటనలు డబ్బిచ్చి వేయించేది. 1988 జూన్‌లో నాసా శాస్త్రజ్ఞుడు జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనేట్ ముందు భూమి వేడెక్కుతోందని సాక్ష్యం చెప్పాడు. మరుసటి సంవత్సరమే చమురు, బొగ్గు, మోటారు కంపెనీలు కలిసి గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్ అనే సంఘం పెట్టుకున్నాయి. ఈ సంఘం కోసం 1995లో తయారైన ఒక చిత్తుప్రతిలో, హరితగృహ ప్రభావం వెనక ఉన్న శాస్త్రాన్ని కాదనలేమని సంఘం సలహాదారులే రాశారు. సంఘం మాత్రం బహిరంగంగా ఇంకా తేలలేదనే అంటూ వచ్చింది. 1997లో క్యోటో ఒప్పందం కుదిరింది. 1998లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలో తయారైన ఒక ప్రచార పథకం పత్రికలకు చిక్కింది. సామాన్య పౌరుడు, పత్రికలు వాతావరణ శాస్త్రంలోని అనిశ్చితిని గుర్తించిన రోజే విజయం సాధించినట్లని అందులో ఉంది. శాస్త్రం తప్పని నిరూపించడం వాళ్ల లక్ష్యం కాదు. ఇంకా తేలలేదని జనం అనుకుంటే చాలు.

2017లో సుప్రాన్, ఒరెస్కీస్ ఈ కంపెనీకి చెందిన 187 పత్రాలను లెక్కించారు. శాస్త్ర పత్రికల్లో వచ్చిన వ్యాసాలలో, లోపలి కాగితాలలో దాదాపు 80 శాతం మనుషుల వల్లే వేడి పెరుగుతోందని అంగీకరించాయి. పత్రికా ప్రకటనలలో 81 శాతం సందేహం వెలిబుచ్చాయి. ఇక్కడ మీరు కంపెనీ వాదన కూడా వినాలి. అధ్యయన పద్ధతే సరికాదని కంపెనీ అభ్యంతరం చెప్పింది. ఎక్సాన్, మొబిల్ 1999లో కలిశాయి, అంతకు ముందు పరిశోధన ఎక్కువగా ఎక్సాన్‌ది, ప్రకటనలు ఎక్కువగా మొబిల్‌వి, రెండింటినీ ఒక కుప్పలో పోయడం న్యాయం కాదని విమర్శకులు అన్నారు. ఇది తీసిపారేయదగిన మాట కాదు. రచయితలు తర్వాత రెండు కంపెనీల పత్రాలను విడివిడిగా లెక్కించి చూసి, రెండూ ప్రజలను తప్పుదారి పట్టించాయనే నిర్ణయానికి వచ్చారు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే 81 శాతం అన్న అంకె ఒక్కటే రాసి వదిలేయకండి. దాని మీద వచ్చిన విమర్శ, దానికి వచ్చిన జవాబు కూడా రాయండి.

పత్రికల తప్పు వేరే రకం. విలేకరులు అమ్ముడుపోయారని అనడానికి సాధారణంగా ఆధారం దొరకదు. వాళ్లు తమ వృత్తి ధర్మమే పాటించారు: రెండు పక్షాల మాట సమానంగా వేయాలి. వేయిమంది శాస్త్రజ్ఞులు ఒకవైపు, పరిశ్రమ సాయం అందుకునే నలుగురు ఇంకోవైపు ఉంటే, వార్తలో మాత్రం ఒకరికి ఒకరు అయిపోతారు. 1988 నుంచి 2002 వరకు అమెరికాలోని నాలుగు ప్రముఖ దినపత్రికలను బోయ్‌కాఫ్ సోదరులు పరిశీలిస్తే సగానికి పైగా వార్తలు ఇలా తూకం వేసినవే. ఆ తూకమే పాఠకుడికి తప్పుడు లెక్క చెప్పింది.

శ్రీకాకుళం బీల

మరి మన దగ్గర? మన దేశంలో వేడెక్కడం అబద్ధమని జనాన్ని నమ్మించే ప్రయత్నం అంతగా జరగలేదు. 1991లోనే అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ అసలు ప్రశ్న మార్చారు: పొగ వదిలింది ధనిక దేశాలు, లెక్క మన మీద వేస్తారేమిటని. మన పత్రికలు ఎక్కువగా ఆ దారిలోనే రాశాయి, అందులో న్యాయం ఉంది. తెలుగు నేల మీద పరిశ్రమకు, శాస్త్రానికి మధ్య పేచీ వేరే చోట వస్తుంది. ఒక ప్రాజెక్టు కోసం తయారయ్యే పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక దగ్గర.

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల అని పిలిచే చిత్తడి నేల ఉంది. వానాకాలం నీళ్లు నిలుస్తాయి. చేపలు, గడ్డి, పశువుల మేత, చుట్టూ వరి పొలాలకు నీరు అక్కడి నుంచే. ఆ చోట నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టాలనుకుంది. 2006 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టుకు మదింపు నివేదిక కావాలి. దాన్ని తయారుచేసే నిపుణులను కంపెనీయే పెట్టుకుంటుంది, రుసుము కంపెనీయే ఇస్తుంది. ఏటా నీళ్లు నిలిచే ఆ నేల ప్రాజెక్టు కాగితాల్లో ఎక్కువగా పనికిరాని బంజరుగా కనిపించింది. 2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, జనం వద్దన్నారు. అదే ఏడాది డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. జనం జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీకి వెళ్లారు.

2010 జూలై 14న పనులు మొదలుపెట్టడానికి వచ్చినవారిని ఊళ్లవాళ్లు అడ్డుకున్నారు. పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో అథారిటీ ఆ పర్యావరణ అనుమతిని కొట్టివేసింది. అది చిత్తడి నేల అన్న జనం మాట అప్పటికి నిలబడింది. బీల ఏమిటో అక్కడ గడ్డి కోసే ఆడమనిషికి మొదటి నుంచీ తెలుసు. అనుమతి ఇచ్చిన కార్యాలయానికి అది చేరలేదు. ఎందుకంటే, ఆ కార్యాలయం బీలను కాగితం మీద చూసింది, ఆ కాగితం కంపెనీ డబ్బుతో తయారైంది.

బేవే తర్వాత కెహోకు డబ్బు ఎవరిచ్చారో గుర్తుందా? సోంపేటలో కూడా ఏ ఒక్క నిపుణుడు ఏం రాశాడన్న దానికన్నా ముందు, ఏర్పాటు ఎలాంటిదో చూడాలి. తర్వాతి కాలంలో నిపుణుల సంస్థలకు గుర్తింపు ఉండాలని నిబంధన వచ్చింది. రుసుము మాత్రం ఇప్పటికీ ప్రాజెక్టు కట్టేవారే ఇస్తారు.

పత్రికలు, ఛానెళ్ల సంగతి ఒక్క మాట. కాకినాడ తీరానికి అవతల సముద్రంలో రిలయన్స్ 2009 ఏప్రిల్‌లో గ్యాస్ తీయడం మొదలుపెట్టింది. ఆ గ్యాస్ ధర, ఉత్పత్తి మీద ఏళ్లపాటు వివాదాలు నడిచాయి. 2012 జనవరిలో అదే రిలయన్స్ నెట్‌వర్క్18 సంస్థలో పెట్టుబడి పెడుతున్నట్లు ప్రకటించింది. ఆ ఒప్పందంలో భాగంగా ఈటీవీ తెలుగు ఛానెళ్లలో 24.5 శాతం వాటా నెట్‌వర్క్18కి వెళ్లింది. 2014లో నెట్‌వర్క్18 పూర్తిగా రిలయన్స్ అధీనంలోకి వచ్చింది. కాబట్టి గ్యాస్ వార్తలు తారుమారయ్యాయా? ఈ వివరాల నుంచి అలా తేల్చలేం. యాజమాన్యం తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది, అంతే. ఫలానా వార్త రాలేదనో, మారిందనో చెప్పాలంటే పాత సంచికలు, ప్రసారాలు తీసి పోల్చి చూపాలి. ఉత్సాహంలో విద్యార్థులు తరచుగా ఈ మెట్టు దాటేస్తారు, మార్కులు పోయేది అక్కడే.

ఇదే కఠినత్వం మన వైపు కూడా వాడాలి. మార్చిలో కల్లం మీద పడిన ఒక్క వానను చూపి ఇది వాతావరణ మార్పేనని ఎవరైనా అంటే, మీరు ఆధారం అడగాలి. అకాల వానలు ఈ ప్రాంతానికి కొత్త కావు. ఒక్కొక్క వానకు కారణం తేల్చడం కష్టం, అనేక సంవత్సరాల లెక్కలు కావాలి. ఇది నిజమైన సందేహం. భూమి మొత్తంగా వేడెక్కుతోందా అన్నదాని మీద మాత్రం ఇలాంటి సందేహానికి ఇప్పుడు చోటు లేదు. పరిశ్రమ ప్రచారం చేసిన పని ఏమిటంటే, మొదటి సందేహాన్ని తెచ్చి రెండోదాని మీద కప్పడం.

అభ్యాసం

మీ ఊరి గ్రంథాలయంలో ఒక తెలుగు దినపత్రిక ఒక నెల సంచికలు అడిగి తీసుకోండి. బొగ్గు, చమురు, గ్యాస్, సోలార్, విద్యుత్ కేంద్రాల గురించి వచ్చిన ప్రతి వార్తనూ ఒక నోటుబుక్కులో రాసుకోండి. వార్త పక్కనే మాట్లాడినవారు ఎవరు, వారికి జీతం ఎవరిస్తారు అని ఒక వరుస. అదే పేజీలో అదే సంస్థ ప్రకటన ఉందా అని ఇంకో వరుస. భూమి పోయేవారిలో ఒక్కరైనా ఆ వార్తలో మాట్లాడారా అని మూడో వరుస. తర్వాత గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన మీ వీధి మనిషి ఒకరిని కలిసి, అక్కడి ఎండ గురించి, మధ్యాహ్నం పని ఆపే గంటల గురించి అడిగి, ఆయన మాటల్లోనే రాసుకోండి. ఆ మాటలకు తేదీ, ఊరు, ఆయన చేసిన పని తప్పక జతచేయండి. రెండు నోట్సులూ కాంటాక్ట్ తరగతికి తీసుకురండి. మీ నోటుబుక్కులో మూడో వరుస ఖాళీగా ఉన్న వార్తలు ఎన్నో లెక్కపెట్టి, తరగతిలో మిగతావారి లెక్కలతో పోల్చండి.